మామ్లే దంచిన గాజు

మంగళవారం పొద్దున మామ్లే రెండు బుట్టల ఖాళీ సీసాలు కడిగి, మీద అంటించిన కాగితాలు గీకేసి, ఎండలో వరసగా బోర్లించింది. పచ్చవి ఒక వరస, గోధుమరంగువి ఒక వరస, తెల్లవి ఇంకో వరస. ఆరిన సీసానల్లా చేతిలోకి తీసుకుని మూతి చుట్టూ వేలు తిప్పి చూసింది. మూత తాలూకు రేకుముక్క ఒక్కటి పొడిలో కలిసినా పూస మీద నల్లమచ్చ పడుతుంది. మచ్చ పడ్డ పూసని ఒడుమాసే ఊళ్ళో చిన్నపిల్ల కూడా తీసుకోదు.

రోలు పాత లారీ చక్రం తాలూకు ఇనప కుండ. రోకలి అదే లారీ ఇరుసు ముక్క. మామ్లే రోలు చుట్టూ తడిపిన గోనెపట్టా పరిచింది. గాలి ఎటు నుంచి వస్తోందో పిడికెడు ఊక ఎగరేసి చూసి, గాలి వీపుకి తగిలేలా పీట వేసుకుంది. తడిబట్ట ముక్కు మీదుగా తెచ్చి తల వెనక రెండు ముళ్ళు వేసింది. అప్పుడు సీసా ఒకటి రోట్లో పడేసి, పైన గుడ్డ కప్పి రోకలి ఎత్తింది.

పది పోట్లు పడేసరికి దగ్గు వచ్చింది. పోయిన వానల నుంచీ ఇంతే. రోకలి మీద చెయ్యి ఆన్చి, దగ్గు దాని పాటికది పోయేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

సాకిటే మోటారుసైకిలు ఆవరణలోకి వచ్చి ఆగింది. వెనక సీటుకి తాళ్ళతో కట్టిన అట్టపెట్టె ఉంది. పూసల బట్టీ అతని తాతది. అరవై ఏళ్ళొచ్చినా సాకిటే ఆ పుట్టమన్ను బట్టీ ముందునుంచి వెళ్ళినప్పుడల్లా దాని వీపు మీద చేత్తో ఒకసారి తట్టి మరీ వెళతాడు. ఆవేళ తట్టలేదు. తిన్నగా వచ్చి పెట్టె విప్పాడు.

లోపల నాలుగు మాస్కులు. రెండు బుగ్గల దగ్గరా గుండ్రటి డబ్బీలు ఉండే మందపాటి రకం. నాలుగు జతల కళ్ళద్దాలు. అన్నీ కొత్తవి, ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. ఒక్కోదానికీ దారంతో ధర చీటీ వేలాడుతోంది.

మామ్లే రోకలి వదిలేసి లేచింది. ఈ మాస్కు కావాలని ఆవిడ అడగని ఏడు లేదు.

బట్టీ చూసే నార్టే ఒక మాస్కు లాగి ముఖానికి పెట్టుకుని, నడుం ఊపుతూ రెండు చుట్లు తిరిగాడు. "అక్కా, ఎట్టా ఉన్నాను? కప్పకి పెళ్ళి చేసినట్టు లేనూ?"

పూసలు గుచ్చుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"ఒరే, కవరు చింపకు!" సాకిటే అరిచాడు. "చీటీ ఊడిందంటే వాడు వెనక్కి తీసుకోడు. గురువారం సాయంత్రం కొట్లో తిరిగి ఇచ్చెయ్యాలి."

నవ్వులు ఆగిపోయాయి. సాకిటే పెట్టె మూసి, అప్పుడు చెప్పాడు. గురువారం రాజధాని ఆక్రా నుంచి ఒక మేడమ్ వస్తోంది. వాళ్ళ కంపెనీ పూసల్ని విదేశాలకి పంపుతుంది. పని ఎట్లా జరుగుతోందో, మనుషులు ఏం తొడుక్కుంటున్నారో చూసి, నచ్చితే ఏడాది పొడుగునా సరుకు తీసుకుంటుందట.

"మామ్లే, ఇట్లా రా," అని వేపచెట్టు కిందికి పిలిచాడు.

ఆవిడ తడిబట్ట మెడ మీదికి లాక్కుని వెళ్ళింది.

"రేపూ ఎల్లుండీ నువ్వు రావద్దు. ఇంటిపట్టున ఉండు."

"ఎందుకు?"

"కాస్త అలసట తీర్చుకో."

"నాకు అలసటగా ఉందని మీతో ఎవరన్నారు పెద్దన్నా?"

సాకిటే చెట్టు బెరడు గోటితో గిల్లుతూ నిలబడ్డాడు. "ఆవిడ ముందు నువ్వు దగ్గావంటే..." అని ఆగిపోయాడు. తర్వాత గొంతు పెంచి, "రెండు రోజులేగా! కోర్లెకీ దంచుతుందిలే," అన్నాడు. కోర్లెకీ అతని చిన్నకోడలు.

"దానికి దంచడం వచ్చా?"

"దంచడానికి వచ్చేదేముంది? రోకలి ఎత్తడం, దించడం."

మామ్లేకి దగ్గు సంగతి అన్నప్పుడు గుచ్చుకున్నదానికంటే ఆ రెండో మాట లోతుగా గుచ్చుకుంది. వెనక్కి వచ్చి, రోట్లో ఉన్న సీసా మధ్యలో వదిలెయ్యలేక పూర్తిగా దంచింది. పలచటి నైలాను గుడ్డలో వడగట్టింది. పొడి డబ్బాలోకి ఎత్తి మూత పెట్టి, రోలు తుడిచి, గోనెపట్టా దులపకుండా నీళ్ళలో ముంచి, పిండి ఆరేసింది. అప్పుడు ఇంటికి వెళ్ళింది.

*

బుధవారం అగొమాన్యా సంత. ఇంట్లో కూర్చుంటే గోడలు చూస్తూ ఉండాలని మామ్లే చెల్లెలి పూసల దుకాణానికి వెళ్ళింది. దీపో వేడుక దగ్గర పడుతోంది. పెద్దమనుషులు కాబోతున్న ఆడపిల్లలకి నడుముకీ, మెడకీ, మోకాళ్ళకీ పూసలు కావాలి. సంతంతా తల్లుల బేరాలతో, పిల్లల గోలతో నిండిపోయింది.

ఒక తల్లి నీలం చారల పసుపు పూసల సరం ఎత్తి ఎండకి పట్టి చూస్తోంది. మామ్లేకి ఆ సరం దూరం నుంచే తెలిసింది. లోపల ఎక్కడా ఇసక పలుకు లేదు. అంచు నుంచి అంచుకి వెలుతురు అడ్డం లేకుండా సాగుతోంది.

"బావున్నాయి. ఎవరి చేతివి?" అంది ఆ తల్లి.

"సాకిటే బట్టీవి," అంది చెల్లెలు.

"పొడి నాది," అంది మామ్లే.

ఆ తల్లి నవ్వింది. "పొడికి కూడా పేరుంటుందా అమ్మా?"

"బియ్యప్పిండి గరుగ్గా ఉంటే రొట్టె విరగదూ? ఇదీ అంతే. గరుకు పొడితో పోసిన పూస ఇవాళ మెరుస్తుంది. పిల్ల నాలుగు గంతులు వేసేసరికి చిట్లుతుంది. చిట్లిన పూస ఒంటి మీద గీరుతుంది. మీ పిల్ల ఏడుస్తుంటే మీకు తెలుస్తుంది పొడి ఎవరిదో." ఇంకా ఏదో అనబోయింది గానీ దగ్గు వచ్చేసింది. ముఖం పక్కకి తిప్పుకుంది. పక్కనున్న పిల్లని ఆ తల్లి మెల్లిగా రెండడుగులు వెనక్కి లాక్కుంది. సరం మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నం కోర్లెకీ వెతుక్కుంటూ వచ్చింది. రెండు అరిచేతుల్లోనూ బొబ్బలు.

"పిన్నీ, నీ చేతులు దేంతో చేశాడో దేవుడు! నాకు సగం డబ్బా కూడా రాలేదు. మామగారు నిమిషానికోసారి తొంగి చూస్తున్నారు."

మామ్లేకి లోపల ఎక్కడో తృప్తిగా అనిపించింది. వెంటనే ఆ చేతులు చూసి సిగ్గుపడింది. షియా గింజల వెన్న కొని బొబ్బలకి రాసి, గుడ్డపేలిక చుట్టింది. "రోకలిని పిడికిలితో బిగించకు. వదులుగా పట్టుకో. దాని బరువుకి అదే పడుతుంది, నువ్వు లేపితే చాలు. గాలికి ఎదురుగా కూర్చోకు. గోనెపట్టా ఆరిపోనివ్వకు. మాస్కు ఇచ్చారా?"

"గుచ్చేవాళ్ళకి ఇచ్చారు. గేటులోంచి రాగానే వాళ్ళే కనపడతారుగా. నాకు కళ్ళద్దాలు మాత్రం."

మామ్లే ఆ పిల్ల ముఖంలోకి చూసింది. తన మెడలో ఉన్న గుడ్డ తీసి, తడిపి కట్టుకోమని ఆ పిల్ల మెడలో వేసింది.

*

గురువారం మధ్యాహ్నం మామ్లే పులిసిన మొక్కజొన్న పిండి కెంకీ ముద్ద పొత్తి విప్పుకుని, ఎండుచేపల కారం నంచుకుని తింటుంటే నార్టే మోటారుసైకిలు వచ్చి గుమ్మం ముందు ఆగింది.

"అక్కా, ఎక్కు."

"ఎక్కడికి? నన్ను రావద్దన్నారుగా."

"వద్దన్నాయనే రమ్మంటున్నాడు. పూసలు పగిలిపోతున్నాయి."

నార్టే ఊపిరి తీసుకోకుండా చెప్పుకొచ్చాడు. పొద్దున మేడమ్ వచ్చింది. అంతా చూసి తల ఊపింది. బట్టీలోంచి తీసిన పూసలు చల్లారాక పళ్ళెంలో పోసి ఆవిడ ముందు పెట్టారు. కాసేపటికి పళ్ళెంలోంచి టప్ మని చప్పుడు. ఇంకోటి. మరోటి. ఆవిడ చేతిలో ఉన్న పూసే రెండు ముక్కలైంది. మళ్ళీ ఒక వాయి పెట్టారు. అదీ అంతే.

"పెద్దాయన నా మీద ఎగిరాడు, మంట ఎక్కువ పెట్టానని. నేను ఏళ్ళ తరబడి పెడుతున్న మంటే అది! అప్పుడు ఆ మేడమ్, గాజు ఎవరు దంచారు అంది. కోర్లెకీ తటాలున లేచి, 'నేనే దంచాను, నాకు రాదు, పని వచ్చినావిణ్ణి ఇంట్లో దాచిపెట్టారు' అనేసింది. పెద్దాయన ముఖం చూడాల్సింది అక్కా, ఉడకబెట్టిన బెండకాయలా..."

"తిననీ," అంది మామ్లే.

ముద్ద మొత్తం తిని, చేతులు కడుక్కుని, పని బట్ట కట్టుకుని బండెక్కింది.

ఆవరణలో మొదట కనపడింది గుచ్చేవాళ్ళు. నలుగురూ మాస్కులు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, దుమ్మనేదే లేని చోట దారాలు ఎక్కిస్తున్నారు. మాస్కుల పక్కన ధర చీటీలు ఊగుతున్నాయి. రోలు దగ్గర కోర్లెకీ తడిబట్ట కట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల నుదుటి మీద చిన్న గాటు, దాని మీద ఎండిన రక్తం. కళ్ళద్దాలు చెమ్మ పట్టి ఏమీ కనపడక పైకి నెట్టుకుందట.

ఆక్రా మేడమ్ పేరు సేనా. ముప్పై అయిదేళ్ళుంటాయి. ప్లాస్టిక్ కుర్చీ వేసినా కూర్చోకుండా పళ్ళెం దగ్గర నిలబడి ఉంది. సాకిటే ఆవిడ పక్కన చేతులు కట్టుకుని నిలుచున్నాడు.

మామ్లే పళ్ళెం దగ్గర గొంతుక్కూర్చుని పగిలిన పూస ఒకటి తీసుకుంది. విరిగిన వైపు ఎండకి తిప్పింది. లోపల సన్నటి పలుకులు కరక్కుండా అట్లాగే ఉన్నాయి. ఒక్కో పలుకు చుట్టూ వెంట్రుకంత బీట.

"తెల్లపొడి ఏ సీసాలతో దంచారు?"

కోర్లెకీ వేపచెట్టు వెనక నుంచి సంచి ఒకటి ఈడ్చుకొచ్చింది. నిన్న సాకిటే మేనల్లుడు ఎక్కడో ఒక ప్రయోగశాల వాళ్ళు పారేస్తుంటే తెచ్చాడట. పగిలిన గాజు పాత్రలు, గొట్టాలు. కొన్ని ముక్కల మీద కొలతల గీతలు కూడా ఉన్నాయి.

మామ్లే ఒక ముక్కనీ, బుట్టలోంచి తెల్లసీసా పెంకునీ పక్కపక్కన పట్టుకుని, రెండింటి అంచులూ సేనా వైపు తిప్పింది. "చూడండమ్మా. తిన్నగా చూస్తే రెండూ తెలుపే. అంచు చూడండి. సీసా అంచులో పచ్చదనం ఉంది. దీనికి లేదు. ఇది మంట మీద పెట్టి మందులు కాచే గాజు. మా బట్టీ వేడి దీనికి చాలదు. సీసా గాజు కరిగి, చల్లారేటప్పుడు బాగా దగ్గరికి లాక్కుంటుంది. ఇది అంత లాక్కోదు. రెండూ ఒకే పూసలో పడితే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి."

"గాజు గాజే కదా అనుకున్నాం," అన్నాడు సాకిటే మెల్లిగా.

"మీకు చూడగానే తెలుస్తుందా?" అంది సేనా.

"చూడక్కర్లేదు, వింటే చాలు. సీసా రోకలి కింద నలుగుతుంది. ఇది నలగదు, ఎగిరి కొడుతుంది."

"అవును, కొట్టింది," అని కోర్లెకీ నుదురు తడుముకుంది.

"మీరు చేసి చూపిస్తారా?" అంది సేనా. "నాకు సాయంత్రం దాకా పనేం లేదు."

మామ్లే పీట తెచ్చుకుంది. తెల్లసీసాలు మూడు ఏరి, మూతులు తడిమి చూసింది. సాకిటే గబగబా వెళ్ళి, గుచ్చేవాళ్ళలో ఒకామె ముఖం మీంచి మాస్కు తీయించి, చొక్కాకి తుడిచి తెచ్చి మామ్లేకి అందించాడు. చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

సేనా ఆ చీటీ వైపు చూసింది. తర్వాత మామ్లే వైపు చూసింది. "ఇది మీరు రోజూ పెట్టుకుంటారా అమ్మా?"

సాకిటే కళ్ళు నేల మీదికి వాలిపోయాయి. మామ్లే జవాబు చెప్పడానికి నోరు తెరిచింది, దగ్గు వచ్చేసింది. ఆపుకోవాలని చూడలేదు. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వచ్చిందంతా వచ్చేదాకా దగ్గింది. సాకిటే దాచాలనుకున్న దగ్గు ఆవరణంతా వినపడింది. నార్టే నీళ్ళ చెంబు తెచ్చాడు. రెండు గుక్కలు తాగి నిటారుగా నిలబడింది.

"లేదమ్మా," అంది. "ఇవాళ్టి నుంచి పెట్టుకుంటాను."

దారాన్ని పళ్ళతో కొరికి, చీటీ తెంపి, సాకిటే చేతిలో పెట్టింది. అతను దాన్ని చూడకుండా గుప్పిట మూశాడు.

మాస్కు పట్టీలు సరిచేసుకుని, కోర్లెకీ ఇచ్చిన కళ్ళద్దాలు పెట్టుకుని మామ్లే దంచడం మొదలుపెట్టింది. సేనా గాలివాటు తప్పించుకుని దూరంగా నిలబడి చూసింది. రోకలి లేచే ఎత్తు మారలేదు, పడే చోటు మారలేదు. మూడు సీసాలు పెంకులై, రవ్వై, చివరికి పిండై నైలాను గుడ్డలోంచి పొగలా దిగాయి. గుడ్డలో మిగిలిన పలుకుల్ని మళ్ళీ రోట్లో వేసి దంచింది. మట్టి అచ్చుల లోపల గాజు అంటుకోకుండా తెల్లసుద్ద పూత ఉందో లేదో ఒక్కో గుంటలో చిటికెనవేలు తిప్పి చూసి, పూత లేచిన రెండు అచ్చులు పక్కన పడేసింది. గుంట గుంటకీ నడిమధ్య కర్రపెండలం ఆకు కాడ ముక్క నిలబెట్టింది. మంటలో ఆ కాడ కాలిపోయి, దారం ఎక్కే బెజ్జం మిగులుతుంది. చుట్టూ పొడి పోసి, నడుమ నీలం పొడి చారగా జార్చి, మళ్ళీ తెలుపు పోసి, అచ్చుని నేలకేసి మెల్లగా తట్టింది.

నార్టే పొడుగాటి ఇనప గరిటె మీద అచ్చులు ఎక్కించి బట్టీలోకి తోశాడు. పామాయిల్ గింజల పెంకుల మంట ఎర్రగా మొదలై పసుపులోకి తిరిగింది. అతను గరిటె ఎత్తబోతే మామ్లే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. పూస పైభాగం ఇంకా పంచదార వేసినట్టుంది. అద్దంలా మారాలి." ఇంకాసేపటికి తల ఊపింది. తీసిన అచ్చుల్ని గాలి తగలకుండా బూడిదలో పెట్టించి, పైన పాత కుండ బోర్లించింది.

తర్వాత ఎవరికీ చెయ్యడానికేమీ లేకపోయింది. గుచ్చేవాళ్ళు మాస్కులు తీసేసి ముఖాలు తుడుచుకుంటూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. సేనా కూడా చివరికి ఒక పీట మీద కూర్చుంది. వేపచెట్టు నీడ రోలు దాటి బట్టీ దాకా వచ్చాక మామ్లే కుండ ఎత్తింది. పూసల్ని అరిచేతిలోకి దులుపుకుని, నీళ్ళలో కడిగి, పళ్ళెంలో పోసింది.

అందరూ పళ్ళెం వైపు చెవి పెట్టారు. ఎక్కడా టప్ మనలేదు. ఇంకాసేపు చూశారు. సేనా ఒక పూస తీసి గట్టి అరుగు మీద పడేసింది. అది ఎగిరి, దొర్లి, మామ్లే పాదం దగ్గర ఆగింది. మామ్లే తీసి చూసి, మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టింది. గీత కూడా పడలేదు.

"ఇవి కావాలి నాకు," అంది సేనా. అని సాకిటే వైపు తిరిగింది. "మాస్కులు ఇక్కడే ఉంటాయి. దంచేవాళ్ళ ముఖాల మీద ఉంటాయి. రెండు నెలలకోసారి చెప్పకుండా వస్తాను. ఈవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి ఛాతీ ఫోటో తీయించండి. నేను మళ్ళీ వచ్చేసరికి ఈవిడ ఇక్కడ ఉండాలి."

"ఉంటుంది మేడమ్, ఎక్కడికి పోతుంది?" అన్నాడు సాకిటే.

"మీరు పొమ్మంటే పోయాను," అంది మామ్లే, సేనా వినేలాగే.

*

శుక్రవారం సాకిటే తన బండి మీదే మామ్లేని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. లోపల డాక్టరు ఫోటోని దీపం ముందు పెట్టి, ఏ పని చేస్తావని అడిగి, విన్నాక పెన్ను కింద పెట్టాడు. ఊపిరితిత్తులు కొంత పాడయ్యాయి, ముదరకుండా చూసుకోవచ్చు, దుమ్ము దగ్గరికి మాత్రం ఇంక వెళ్ళకూడదన్నాడు. కాగితం మీద రాసిచ్చాడు.

బయట బల్ల మీద కూర్చున్న సాకిటే ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు.

"దంచొద్దన్నాడు," అంది మామ్లే. "మరి నేనేం చెయ్యను పెద్దన్నా? నాకు వచ్చిందదే."

సాకిటే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆవిడకి తిరిగిచ్చాడు. "నిన్న నార్టే చెయ్యి ఆపావు చూడు," అన్నాడు. "మా నాన్న ఆపేవాడు అట్లాగ. ఆయన తర్వాత ఆ బట్టీ ముందు అట్లా ఆపినవాళ్ళని నేను చూళ్ళేదు." లేచి వెళ్ళి బండి స్టార్టు చేశాడు.

సోమవారం పొద్దున మామ్లే వచ్చేసరికి నార్టే బట్టీ నోరు ఊడుస్తున్నాడు. పొడుగాటి గరిటె గోడకి ఆనించి ఉంది.

"అక్కా, ఇవాళ్టి నుంచి నువ్వు చెప్పడం, నేను చెయ్యడం అంట. ఆడవాళ్ళు బట్టీ దగ్గరకొస్తే మంట అలుగుతుందని మా తాత అనేవాడు. నాకు భయంగా ఉంది."

"నీ కనుబొమలు రెండుసార్లు కాల్చుకున్నావు. నావి చూడు, ఇంకా ఉన్నాయి. ఇక్కడ భయపడాల్సింది నేను."

కోర్లెకీ గట్టిగా నవ్వింది. ఆ పిల్ల అచ్చులకి సుద్ద పూస్తోంది. మరి రోకలి చప్పుడు ఎవరిదా అని మామ్లే తిరిగి చూసింది.

రోలు ముందు పీట మీద సాకిటే కూర్చుని ఉన్నాడు. పాత బనీను, ముఖం నిండా మాస్కు, చెమ్మ పట్టిన కళ్ళద్దాలు. గోనెపట్టా తడిపాడు గానీ గాలికి ఎదురుగా కూర్చున్నాడు. మామ్లే వెళ్ళి అతని భుజం తట్టి, చేత్తో ఇటు తిరగమన్నట్టు చూపించింది. అతను లేచి పీట తిప్పుకుని మళ్ళీ కూర్చున్నాడు. డబ్బా అడుగు కూడా ఇంకా నిండలేదు, అప్పుడే జబ్బలు వణుకుతున్నాయి. మాస్కు కిందకి లాగి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎన్నేళ్ళు చేశావు ఇది?"

"ముప్పై ఒకటి. మాస్కు పెట్టుకోండి."

అతను పెట్టుకున్నాడు. మామ్లే దూరంగా నిలబడే డబ్బా తెప్పించుకుని, తడిచేత్తో చిటికెడు పొడి తీసి రెండు వేళ్ళ మధ్య రాసి చూసింది. డబ్బాలోదంతా తిరిగి రోట్లో ఒంపమని కోర్లెకీకి సైగ చేసింది. సాకిటే కళ్ళద్దాల్లోంచి ఆ ఒంపడం చూశాడు. వదులుగా పట్టుకుని రోకలి ఎత్తాడు.

మామ్లే వెళ్ళి గోడకి ఆనించిన గరిటె చేతిలోకి తీసుకుంది. అది అనుకున్నంత బరువు లేదు.